సలోమి సమాధి కాడ గంధరాజం

దొరవారిసత్రం
జులై నెల

మరదలు రెబెక్కకు,

బావ జకరయ్య వందనాలు. నన్ను పైకి పిలిచేదానికి దేవుడికి ఇంకా తీరిక దొరకలేదు, అందుకని రాస్తున్నా. ఇది చూసి ఫోను చేస్తావని తెలుసు. చేసినా దండగ. చెవిలో పెట్టుకుంటే ఈగలు ముసిరినట్టు రొద తప్ప నీ మాట ఒక్కటీ దిగదు. నా అక్షరాలు వంకరే గానీ మాట వంకర గాదు. ఓపిక పట్టి చదువుకో.

మీ అక్క సమాధి కాడ గంధరాజం మొక్క మళ్లీ చస్తా ఉంది. సలోమి పోయినాక నువ్వు పంపిన వాటిల్లో ఇది మూడోది. ఈనెలు పచ్చగానే ఉండాయి, ఆకంతా పసుప్పచ్చ, కామెర్లొచ్చిన కళ్ల మాదిరి. ఒక మొగ్గ వేసింది. విచ్చకముందే నల్లబడి రాలింది. చేతిలోకి తీసుకుంటే జిగురుగా మెత్తగా ఉంది. ఓకారమొచ్చి పారేసినా.

సలోమి ఇంకో పువ్వు తల్లో పెట్టంగా నేను చూడలేదు. మీ అమ్మ దొడ్లో చెట్టు కొమ్మే తన తలకాడ ఉండాలని చెప్పి కన్నుమూసింది. కాపరానికొచ్చిన కాణ్ణించి ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అది గూడా నిలబెట్టలేకపోతే ఇంక నేనెందుకు.

ఇదెవరి పనో నాకు తెలుసు. ఇంకెవరిది, నీ అన్న సమాధానందే. సలోమి పోయిన ఏడాదే సమాధికి టైల్సు వేద్దామన్నాడు గుర్తుందా. పులికాట్ సరస్సులో ఆల్చిప్ప గుల్ల తవ్వి, బట్టీ పెట్టి, గుల్లసున్నం కాల్చి కాల్చి ముసలోణ్ణయినోణ్ణి నేను. నా పెళ్లాం సమాధికి బాత్రూము టైల్సా. ఆ రోజే సమాధి దగ్గరికి రావద్దని తరిమినా. ఆ కచ్చకి తన రొయ్యల గుంట ఉప్పునీళ్లు తెచ్చి పోస్తా ఉండాడు. సొంత అక్క తలకాడ. 

మిగతా సమాధులన్నీ ఇప్పుడు టైల్సే. మా ఊరి ముత్యాలయ్యది గులాబీ రంగు. పండగనాడు ఆ పక్కన నిలబడి పాట పాడాలంటే మరుగుదొడ్లో నిలబడి పాడినట్టుంటుంది. మీ అక్కది మాత్రం మూడు పూతల గుల్లసున్నం, పాల మీగడ తెలుపు. రోడ్డు మీద బస్సులోంచి గూడా కనిపిస్తుంది.

సమాధుల పండగ నవంబరు రెండు. ఆలోపు నీ దొడ్లో నాటుకున్న మీ అమ్మ చెట్టు అంటునించి ఇంకో కొమ్మకి వేరు పోసి పంపు. ఈసారి కాపలా కూర్చుంటా.

జకరయ్య

*

ముత్తుకూరు
ఆగస్టు

బావకు రెబెక్క వందనాలు.

నీ ఉత్తరం చదివేసరికి నాకే కామెర్లు వచ్చినట్టయింది. నాలుగు వరసలకి మూడు వరసలు తిట్లు. మా అక్క నీతో ఎట్టా వేగిందో, పైన దేవుడు ఆమెకి మెత్తటి కుర్చీ వేసి ఉంటాడులే.

కొమ్మ పంపను. మూడు చంపినావు. నాలుగోది కావాలంటే ముందు నాకు మన్ను చూపించు. నా కోడలు ఫ్లోరా రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే అంగట్లో పని చేస్తా ఉంది. మన్ను గూడా చూస్తానంది. మొక్క మొదట్లో పైమన్ను గీకేసి, జానెడు లోతున పిడికెడు తియ్యి. నీడన ఆరబెట్టి కవర్లో కట్టి నరసయ్యకియ్యి. ఆయన మీ ఊర్నించి లారీ తోలుకుంటా వారం వారం ఈడికి వస్తానే ఉండాడు. ఇంతకు ముందు మొక్కలు గూడా ఆయన చేతే గదా పంపింది.

నా దొడ్లో చెట్టునించి కొమ్మ అడిగినావు. ఎండలకి నలిగి ఉంది. ఇప్పుడు కొయ్యకూడదు. అంతకంటే రాసేదానికేమీ లేదు.

సమాధానం అన్న మీద నోరు జారే ముందు రోంత ఆగు. ఆ సమాధిలో ఉండేది నీ పెళ్లామే గాదు, ఆయన్ని చంకనెత్తుకుని పెంచిన అక్క.

రెబెక్క

*

దొరవారిసత్రం
ఆగస్టు చివర

రెబెక్కకు,

సమాధి మన్ను కవర్లో కట్టి లారీలో పంపాల్సి వచ్చింది నాకు. ఇట్టాంటి రోత పని చేస్తానని ఏనాడూ అనుకోలేదు. నరసయ్య దాన్ని చేత్తో పట్టుకుని బెల్లమా మామా అన్నాడు. నీ నోట్లో వేసుకో అన్నా. అప్పటికీ వాడికి అర్థం గాలా, వాసన చూసినాడు.

పంపే ముందర నేనే నాలిక మీద రోంత వేసుకుని చూసినా. ఉప్పు తగల్లేదు. ఇంకే రుచీ తగల్లేదు. బట్టీ పొగకి, సున్నం దుమ్ముకి నా నాలిక మొద్దుబారి చానాకాలమైంది, అయినా మందు రుచి పట్టలేనంత గాదు. రుచి తెలీకుండా చంపేదేదో పోసి ఉంటాడు. రొయ్యల అంగళ్లలో అట్టాంటివి డబ్బాలకి డబ్బాలు అమ్ముతారు. నీ కోడలికి ఆ పేర్లన్నీ తెలుసు గదా. అది ఏ మందో పేరుతో సహా రాయమను. మిగతాది నేను చూసుకుంటా.

నేనేమన్నా పిచ్చి పట్టి మాట్లాడుతున్నానా. సమాధానం నన్ను చూస్తే తలొంచుకుని పోతా ఉండాడు. తప్పు చెయ్యనోడికి ఆ వంగడం ఎందుకు.

జకరయ్య

*

ముత్తుకూరు
సెప్టెంబరు

బావకు రెబెక్క వందనాలు.

ఫ్లోరా రెండుసార్లు చూసింది. నీ మన్నులో మందు లేదు. ఉప్పు గూడా మొక్క చచ్చేంత లేదు. ఉండేది సున్నపు గుణం.

దాన్ని పీహెచ్ అంటారంట. సున్నా నించి పద్నాలుగు దాకా మెట్లు అనుకో. నడిమి మెట్టు ఏడు. దాని కిందకి పోయేకొద్దీ పులుపు, పైకి పోయేకొద్దీ సున్నపు గుణం. గంధరాజం రోంత పుల్లటి మన్నులో బతికే జాతి, ఆరుకి అటూ ఇటూ ఉంటే పచ్చగా ఉంటుంది. నీ మన్ను ఎనిమిదిన్నర దాటి తొమ్మిదికి పోతా ఉంది. అంత ఎక్కితే మన్నులో ఇనుము ఉన్నా వేరు తాగలేదంట. ముందర అన్నం పెట్టి మూతి కుట్టేసినట్టు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కేది అందుకే.

నువ్వు ఎవరి మాటా నమ్మవు గనక, ఫ్లోరా నీకు రంగు కాయితాల డబ్బా పంపిస్తా ఉంది. ఒక గరిటె మన్ను, రెండు గరిటెల నీళ్లు కలిపి, తేరుకున్నాక పైన తేటలో కాయితం ముంచు. పులుపైతే ఎర్రగా పసుప్పచ్చగా పోతుంది, నడిమిదైతే ఆకుపచ్చ, సున్నమైతే నీలం. డబ్బాలో అట్ట ఉంది, రంగు రంగుకి అంకె ఉంది, పక్కన పెట్టి పోల్చుకో. బోరు నీళ్లు కలపమాక, మీ ఊరి బోరు నీళ్లకే నీలం వస్తుంది. వాన నీళ్లు పట్టుకో.

ఆ సున్నం ఎక్కణ్ణించి వచ్చిందో నువ్వే ఆలోచించు. చెప్పాలంటే నాకు భయంగా ఉంది.

రెబెక్క

*

దొరవారిసత్రం
సెప్టెంబరు

రెబెక్కకు,

దొరికినాడు.

నీ కోడలు చల్లగా ఉండాలి. సమాధానం గుంట గట్టు మీద సున్నం మూటలు ఎట్టా పడుంటాయో నువ్వు చూడలేదు. నీళ్లు పులిస్తే రొయ్య చస్తుందని మూటలకి మూటలు కుమ్మరిస్తాడు. రాతి పిండి, బూడిద రంగు. దాన్ని సున్నం అనేదానికే నాకు సిగ్గు. అందులోంచి దోసెడు తెచ్చి మొక్క మొదట్లో పోసేదానికి ఎంతసేపు. నీకు భయమెందుకో అర్థమైంది, నీ అన్న గనక.

కాయితం నేనే ముంచినా, వాన నీళ్లతోనే. నీలంగా తేలింది. ఆరబెట్టి పాటల పుస్తకంలో పెట్టుకుని, ఆదివారం ఆరాధన అయినాక సంఘ పెద్దల ముందర పరిచినా. పాస్టరు అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇది పిలకాయల ఆట కాయితమా జకరయ్యా అన్నాడు. మెట్ల సంగతి, ఏడు సంగతి నువ్వు రాసినట్టే చెప్పినా. చదువుకున్నోళ్లంతా నోరు తెరుచుకుని విన్నారు. ఊళ్లో గుంటలో సున్నం వేసేది ఎవరో చెప్పమన్నా. అందరూ వెనక కూర్చున్న సమాధానం వైపు తిరిగినారు. పండగనాడు సమాధానం సమాధుల దొడ్డి గేటు దాటకూడదని పట్టుబట్టినా. పెద్దలు నసిగి నసిగి ఒప్పుకున్నారు.

వాడు ఏడుస్తాడనుకున్నా, తిడతాడనుకున్నా. రెండూ లేవు. ఆ కాయితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసినాడు.

"మొక్క ఇంకా బతికుందా బావా" అన్నాడు.

చూసినావా. చంపినోడే అడగడం. వాడి మొహమ్మీద ఊసేవోణ్ణి, చర్చి గనక మింగినా.

ఇంక కొమ్మ పంపు.

జకరయ్య

*

ముత్తుకూరు
సెప్టెంబరు ఆఖరు

బావా,

వందనాలు రాసేదానికి చెయ్యి రాలేదు.

పెద్దల ముందర కాయితం పరిచినోడివి, ఇంకో మాట గూడా అడిగుండాల్సింది. ఏటేటా సలోమక్క సమాధికి మూడు పూతల సున్నం వేసేది ఎవరు? పండగ అయీ కాకముందే మన కాడ వానలు పట్టుకుంటాయి. ఆ మూడు పూతలూ వానకి యాడికి పోతాయనుకున్నావు? పూత పోయిందని క్రిస్మస్‌కి మళ్లీ వేస్తావు, ఈస్టర్‌కి మళ్లీ. బకెట్లో మిగిలింది మొక్క మొదట్లో పోస్తే చీమలు రావని నువ్వే నాకు గొప్పగా చెప్పినావు. గుల్లసున్నమో రాతి సున్నమో కాయితానికి తెలీదు బావా. వేరుకీ తెలీదు.

ఇంకొకటి. దీన్ని నీకు రాయనని అన్నకి మాటిచ్చినా. ఆ మాట ఈరోజుతో పోయింది. నా దొడ్లో గంధరాజం లేదు. మా బోరు ఉప్పెక్కి, అక్క పోకముందే చెట్టు ఎండిపోయింది. నీకు పంపిన మూడూ సమాధానం అన్న దొడ్లో ఉండే అమ్మ చెట్టువి. కొమ్మకి వేరు పోసి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో ఈడికి తెచ్చినాడు. నేను నరసయ్య లారీలో మళ్లీ మీ ఊరికే పంపినా. నీ ఇంటికీ ఆయన ఇంటికీ నాలుగిళ్లు ఎడం. ఆయన చేతి మొక్క నువ్వు తీసుకోవని ఇంత తిరుగుడు. మూడుసార్లు.

బతికుందా అని ఎందుకడిగినాడో ఇప్పుడన్నా తెలిసిందా. ఆ చెట్టు గూడా ముసలిదై ఒక పక్క ఎండిపోయింది. ఒకే ఒక్క కొమ్మకి వేరు పోసి పెట్టినాడు. అది పోతే మా అమ్మ గంధరాజం ఇంక ఎవరి ఇంట్లోనూ లేదు. దాన్ని నీ సున్నంలో పెట్టనివ్వను.

నా మాట నమ్మమాక. డబ్బాలో కాయితాలు మిగిలే ఉంటాయి. ముంచి చూసుకో.

రెబెక్క

*

దొరవారిసత్రం
అక్టోబరు

రెబెక్కకు,

మీ ఇంటిల్లిపాదీ కలిసి నన్ను మూడేళ్లు పిచ్చోణ్ణి చేసినారు. నీ ఉత్తరం చించేసినా. తర్వాత ముక్కలు కలుపుకుని మళ్లీ చదవాల్సొచ్చింది. అది ఇంకా చీదర.

ముందు ఆ కాయితం సంగతి తేల్చినా. చింతపండు నీళ్లలో ముంచితే ఎర్రబడింది. పెరుగులో పెడితే పసుపెక్కింది. సబ్బు నీళ్లలో నీలం. అబద్ధం చెప్పడం దానికి తెలీదు, మీ ఇంట్లో మనుషులకంటే అదే నయం. బోరు నీళ్లు కలపొద్దన్నావని కలిపి చూసినా. నువ్వు చెప్పినట్టే అయింది. దానికీ ఒళ్లు మండింది.

తర్వాత బకెట్టు కడిగిన నీళ్లు. నీలం. సమాధి గోడ గీకిన పొడి. ముదురు నీలం, సిరా మాదిరి. తలకాడ మన్ను, కాళ్లకాడ మన్ను, రెండూ నీలమే. సమాధుల దొడ్డి మూల, వేపచెట్టు కింద, ఎవరూ తిరగని చోట మన్ను ఆకుపచ్చ. ఆఖరికి ముత్యాలయ్య సమాధి పక్కన తీసినా. ఆ గులాబీ మరుగుదొడ్డి పక్కన. అదీ ఆకుపచ్చే. టైల్సు సందులో ఏదో పిచ్చి మొక్క నవనవలాడతా ఉంది. నా పక్కన పచ్చగా ఉండేదానికి దానికి సిగ్గు లేదు.

సమాధానం గుంట కాడికి పోయిన వేళ చూసుకుని, మిట్టమధ్యాన్నం వాడి దొడ్లోకి పోయినా. గంధరాజం కింద రాలిన ఆకు కుళ్లి అడుగున నల్లగా ఉంది. చెయ్యి పెట్టి తవ్వతా ఉంటే వాడి పెళ్లాం ఆనందకుమారి వాకిట్లోకి వచ్చింది. దొంగను చూసినట్టు చూసినా నాకు నయంగా ఉండేది.  లోపలికి పోయి పీట తెచ్చి నా వెనకాల పెట్టింది. కూర్చోలేదు నేను. ఆ మన్ను ఇంటికి తెచ్చి ముంచినా. పసుపు కలిసిన ఆకుపచ్చ. అట్ట మీద ఆరు కాడ సరిపోయింది.

నాకు రోత పుట్టింది. ఎవరి మీద అని అడగమాక.

మన్నులోంచి సున్నాన్ని వెనక్కి తియ్యొచ్చా? నిమ్మకాయలు పిండితే పోతుందా? ఫ్లోరానడుగు. తొందరగా రాయి, పండగ ముంచుకొస్తా ఉంది.

జకరయ్య

*

ముత్తుకూరు
అక్టోబరు

బావకు రెబెక్క వందనాలు.

నిమ్మకాయలు పిండమాక. బండెడు పిండినా ఆ సున్నం నవ్వి ఊరుకుంటుందని ఫ్లోరా అంటా ఉంది. గంధకం పొడి ఒకటుంది, అది మన్నుని దించేదానికి నెలలు పడుతుంది, అంత సున్నానికి అదీ చాలదు. తవ్వి పారబొయ్యడమే దారి. మోకాలి లోతు, రెండు చేతులు చాచినంత వెడల్పు. అందులో ఎర్రమన్ను, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి నింపు. చుట్టూ ఉండే నేలకంటే రోంత ఎత్తుగా ఉంచు, పక్కనీళ్లు లోపలికి రాకుండా. నాటే ముందర కాయితం ముంచు. ఆరు దగ్గిర చూపిస్తేనే నాటు. తర్వాత కూడా అప్పుడప్పుడు ముంచి చూస్తా ఉండు, మన్ను ఒక్కచోట ఉండదు. వాన నీళ్లే పొయ్యి.

ఇంకా చెప్పాల్సిన మాట నీకు గొంతు దిగదు. సమాధి మీది సున్నమంతా గీకెయ్యాలి. ఇంక వెయ్యకూడదు, ఈ పండక్కీ వద్దు, ఏ పండక్కీ వద్దు. వేస్తే మొదటి వానకే మొక్క గుంట మళ్లీ పాడవుతుంది. తెల్లగా ఉండాలా, గంధరాజం ఉండాలా, ఏదో ఒకటి ఎంచుకో. అక్క అడిగింది ఏదో నీకు తెలుసు. తెలుపు నువ్వడిగింది.

అన్నని గేటు బయట నిలబెట్టింది నువ్వు. లోపలికి పిలవాల్సింది గూడా నువ్వే. నేను మధ్యలో ఉండి మొక్కలు మోసి అలిసిపోయినా. కొమ్మ ఆయన కాడే ఉంది. నన్నడగమాక.

రెబెక్క

*

దొరవారిసత్రం, మీ వీధే
అక్టోబరు ఆఖరు

సమాధానానికి,

జకరయ్య రాసేది. నాలుగిళ్ల అవతలికి ఉత్తరమేందని నవ్వతావేమో. నీ మొహం చూసి మాట్లాడితే నాకు తిట్లే వస్తాయి, అందుకని రాసి ఆనందకుమారి చేతికిచ్చి పోతా ఉండా.

మొన్న ఆదివారం పెద్దలతో చెప్పినా, కాయితం చెప్పింది నిజం, నేను చెప్పిన పేరు తప్పు అని. అయ్యగారు అందుకు ప్రార్థన చేస్తానన్నాడు. నా ముందర వద్దన్నా. గేటు సంగతి కొట్టేసినారు.

సమాధి మీది పూతంతా పార పెట్టి గీకేసినా. ఇన్నేళ్ల పొరలు, అట్టలు అట్టలుగా ఊడింది. అడుగున ఇటుక బయటపడి గజ్జికుక్క వీపు మాదిరి ఉంది. దాని వైపు చూసినప్పుడల్లా నాకు వెలపరం. వచ్చే పోయే వాళ్లంతా, ఏంది జకరయ్యా, నీకే సున్నం దొరకలేదా అంటా ఉండారు. ముత్యాలయ్య కొడుకు టైల్సు మిగిలినాయి ఇయ్యనా అన్నాడు. వాడి నాయన కాళ్లకాడే వాణ్ణి పూడ్చి ఉందును.

తలకాడ మోకాలి లోతు తవ్వి మన్నంతా గట్టవతల పారబోసినా. మన్ను గాదది, సగం నా బట్టీనే. వానపాము ఒక్కటి కనిపించలేదు. ఎర్రమన్ను తెప్పించి నింపినా. ఆకు ఎరువు నీ దొడ్డి వెనక కుప్పలోంచి అడక్కుండా తెచ్చినా, చెప్తా ఉండా. మూడు చోట్ల కాయితం ముంచినా. పసుపు కలిసిన ఆకుపచ్చ. నీ దొడ్లో మన్ను ఎట్టుందో అట్టే ఉంది.

ఆ కొమ్మ నువ్వే తీసుకురా. పండగ దాకా ఆగమాక, పండగనాడు జనం చేరి తొక్కుతారు. రేపు పొద్దున్నే రా. డబ్బా నాకియ్యమాక. నేను నాటను. పని అయినాక వాన నీళ్ల తొట్టికాడ చేతులు కడుక్కుని, తడి అరచేతి మీద ఆ కాయితం పెట్టి చూసినా. నీలం. తోమి తోమి మళ్లీ కడిగినా. మళ్లీ నీలమే.

నీ చేత్తో నాటు. నేను పక్కన నిలబడతా.

బావ
జకరయ్య